పేడా డబ్బా చిన్నదయిందా?
పెట్టెల కొలతలు – అట్ట ఖర్చు: సభ్యులకు ఒక పాఠం

పాల సంఘం సభ్యులకు లెక్కలు రావనే మాట మేము ఒప్పుకోము. వెన్న శాతం ఒక పాయింటు తగ్గితే పదిహేను రోజుల బిల్లులో ఎంత తేడా పడుతుందో, కాగితం కలం లేకుండా నోటితోనే చెప్పే తల్లులు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. అయితే పాలను కొలిచినంత జాగ్రత్తగా పాలు, పాల పదార్థాలు పోసే పెట్టెను మనం కొలవము. కొలిచినా ఒక్కోసారి తప్పు కొలత కొలుస్తాము. అలా తప్పు కొలిచినవారిలో మేమూ ఉన్నాము గనుక ఈ పాఠం వ్రాస్తున్నాము.

మునగాల, నడిగూడెం, కోదాడ మండలాల నడుమ ఒక సంఘం ఉన్నది. పేరుతో పనిలేదు. హైదరాబాదు – విజయవాడ రహదారికి దగ్గర కావడం వల్ల ఆ సంఘం వారు చిన్న అంగడి పెట్టి, మజ్జిగ, నెయ్యితో పాటు పేడాలు కూడా అమ్ముతున్నారు. పావుకిలో డబ్బాకు 8 పేడాలు. ఒక్కొక్క పేడాను కాగితపు గిన్నెలో ఉంచితే దానికి 5 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. వెడల్పు, 2.5 సెం.మీ. ఎత్తు చోటు కావాలి. పాత డబ్బా పలక వంటిది: పొడవు 20, వెడల్పు 10, ఎత్తు 2.5 సెం.మీ. పేడాలు ఒకే వరసలో పరచుకొని కూర్చునేవి. కొత్త డబ్బా పొడవు 10, వెడల్పు 10, ఎత్తు 5. అడుగున నాలుగు, పైన నాలుగు.

ఈ కొత్త డబ్బా వచ్చిన నెలలోనే మహాజనసభ జరిగింది. సభలో గొడవ లేచింది. "డబ్బా సగానికి సగం తగ్గించి ధర మాత్రం అదే ఉంచారు, కార్యదర్శి దిగిపోవాలి" అని కొందరు పట్టుబట్టారు. బల్ల మీద రెండు డబ్బాలు పక్కపక్కన పెడితే ఎవరికైనా అలాగే తోస్తుంది. మన కన్ను పైకప్పును చూస్తుంది గాని లోతును లెక్కపెట్టదు. పాత డబ్బా పైభాగం 200 చదరపు సెంటీమీటర్లు, కొత్తదానిది 100. కనుక సగమయిందని కన్ను చెప్పింది. ఆ మాటనే సభ్యులు నమ్మారు. విచారణకు మమ్ములను పిలిచారు.

మేము వెళ్లి ఉపన్యాసం ఇవ్వలేదు. అంగడిలోంచి బియ్యం తెప్పించి పాత డబ్బాను అంచుదాకా నింపి, చేత్తో చదును చేసి, ఆ బియ్యాన్ని అందరి ముందు కొత్త డబ్బాలో పోశాము. సరిగ్గా అంచుదాకా వచ్చాయి. ఒక గింజ ఎక్కువ లేదు, తక్కువ లేదు అంటే అతిశయోక్తి అవుతుంది; చారెడు కూడా తేడా లేదు. తరువాత పేడాలతో తూకం వేశాము. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం నికర బరువు డబ్బా మీద అచ్చు వేయాలి. అచ్చులో ఉన్న 250 గ్రాములు తూకంలోనూ ఉన్నాయి.

దీన్ని లెక్కలో ఇలా వ్రాస్తాము. పొడవును వెడల్పుతోను, వచ్చినదాన్ని ఎత్తుతోను గుణిస్తే పెట్టె లోపలి పట్టు, అనగా ఘనపరిమాణం వస్తుంది.

పాతది: 20 × 10 × 2.5 = 500 ఘనపు సెంటీమీటర్లు.
కొత్తది: 10 × 10 × 5 = 500 ఘనపు సెంటీమీటర్లు.

కార్యదర్శి మీది అపవాదు అంతటితో పోయింది. సభ ముగుస్తుందనుకొని మేము కాగితాలు సర్దుకుంటున్నాము. అప్పుడు వెనుక వరసలో ఒక పెద్దావిడ లేచింది. రోజూ రెండు పూటలా పాలు పోసే సభ్యురాలు. "సారూ, పేడా తగ్గలేదంటిరి, సరే. మరి డబ్బా చిన్నగున్నది గదా, అట్ట తక్కువ పట్టే ఉంటది. ఆ మిగిలిన పైసలు ఎటు బోయినయ్?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు మేము సంతోషించాము. వెంటనే సుద్దముక్క తీసుకొని బల్ల మీదనే లెక్క వేశాము. పెట్టెకు ఆరు ముఖాలు. కింద – పైన ఒక జత, ముందు – వెనుక ఒక జత, కుడి – ఎడమ ఒక జత. మూడు ముఖాల వైశాల్యం కూడి రెండుతో గుణిస్తే పెట్టె ఒంటి వైశాల్యం, అనగా ఉపరితల వైశాల్యం.

పాతది: 200 + 50 + 25 = 275; రెండింతలు 550 చ.సెం.మీ.
కొత్తది: 100 + 50 + 50 = 200; రెండింతలు 400 చ.సెం.మీ.

డబ్బాకు 150 చ.సెం.మీ. తగ్గింది. పాతదానిలో నాలుగో వంతు కంటె ఎక్కువ. బిల్లులు తీసి చూస్తే డబ్బా ధరలో ఒక్క పైసా తగ్గలేదు. సరఫరాదారు పాత ధరకే ఇచ్చాడు, పాలకవర్గం పాత ధరకే కొన్నది. 4,000 డబ్బాలకు 60 చదరపు మీటర్ల అట్ట. చదరపు మీటరు 20 రూపాయలుగా లెక్క వేసుకుంటే 1,200 రూపాయలు. మేము తనిఖీ నివేదికలో "అట్ట తగ్గినప్పటికీ ధర తగ్గించకుండా కొనుగోలు చేసినందున సంఘానికి నష్టం వాటిల్లినది, పాలకవర్గం వివరణ ఇవ్వవలెను" అని వ్రాశాము.

1,200 రూపాయలు పెద్ద మొత్తం కాదు. కాని నివేదికలో నష్టం అన్న మాట ఒకసారి పడితే అది ఊళ్లో పదింతలవుతుంది. ఉదయం అపవాదు తప్పించుకున్న కార్యదర్శి ముఖం సాయంత్రానికి మళ్లీ వాడిపోయింది. ఆ రోజు మాకు అది కనిపించింది గాని, లెక్క లెక్కే గదా అనుకున్నాము.

కొన్ని వారాల తరువాత నడిగూడెంలో సభ్యుల శిక్షణ తరగతి చెప్పవలసి వచ్చింది. నడిగూడెం అనగానే అందరికీ గుర్తు వచ్చేది రాజావారి కోట. మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారి ఆదరణలో పింగళి వెంకయ్య గారు ఇక్కడ ఉన్న సంగతి, జాతీయ పతాకం రూపుదిద్దుకున్న చోటుగా ఈ ఊరికి ఉన్న ప్రఖ్యాతి మన సభ్యులకు తెలిసినవే. వెంకయ్య గారు 1921లో బెజవాడలో గాంధీగారికి పతాకాన్ని చూపించారు. నేటి పతాకానికి పొడవు వెడల్పుల నిష్పత్తి 3:2. కనుక పొడవు వెడల్పుల మాట ఈ ఊరికి కొత్త కాదని చెప్పి పాఠం మొదలుపెట్టి, సంఘం పేరు చెప్పకుండా పేడా డబ్బాల కథ చెప్పాము. 550, 400 అని నల్లబల్ల మీద వ్రాశాము. తెచ్చిన డబ్బాలు రెండూ చేతులు మారుతూ తిరిగాయి.

సభ్యులలో ఒకాయనకు రెండు గేదెలు, ఒక కుట్టుమిషను. ఆయన కొత్త డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "తప్పుగా అనుకోవద్దు సార్. లాగు కొలత వేరు, లాగుకు పట్టే గుడ్డ వేరు. ఇది విప్పమంటారా?" అన్నాడు. విప్పండి అన్నాము.

ఆయన గోటితో మూలలు ఊడదీసి అట్టను బల్ల మీద పరిచాడు. ఆరు ముఖాల పెట్టె మాయమయింది. మా ముందు రెండు చదరాలు ఉన్నాయి: అడుగు తట్ట ఒకటి, మూత ఒకటి. మూత కూడా తట్ట అంత లోతుగలదే. తట్టను పూర్తిగా కప్పుతుంది. అంటే పక్కగోడలు రెండేసి ఉన్నాయి. అదీగాక తట్ట నాలుగు మూలల్లోనూ నాలుగు చదరపు ముక్కలు లోపలికి మడిచి అంటించి ఉన్నాయి. ఆ ముక్కలు పెట్టె ఒంటి లెక్కలో రావు. కాని అట్టలోంచే వస్తాయి.

తట్టకు కావలసిన అట్ట ఎలా లెక్కించాలో ఆయన టేపు పెట్టి చూపించాడు. పొడవుకు రెండు ఎత్తులు కలపాలి, వెడల్పుకు రెండు ఎత్తులు కలపాలి, రెంటినీ గుణించాలి. మూత ఒక నూలు వాసి పెద్దదిగా ఉంటుంది, అది వదిలేద్దాము.

పాతది: (20 + 5) × (10 + 5) = 25 × 15 = 375. తట్ట, మూత కలిపి 750 చ.సెం.మీ.
కొత్తది: (10 + 10) × (10 + 10) = 20 × 20 = 400. తట్ట, మూత కలిపి 800 చ.సెం.మీ.

మేము 150 తగ్గిందన్నచోట నిజానికి 50 పెరిగింది. సరఫరాదారు ఎక్కువ అట్టను పాత ధరకే ఇచ్చాడు. పాలకవర్గం నష్టం చేయలేదు. సహకార శాస్త్రంలో డిప్లొమా చేసి, ముప్పై ఏండ్లుగా పుస్తకాలు తనిఖీ చేస్తున్న మేము పెట్టెను పెట్టెగానే చూశాము. దర్జీ దాన్ని గుడ్డగా చూశాడు. ఎత్తు పెరిగేకొద్దీ మూలల ముక్కలు ఎంత త్వరగా పెరుగుతాయో చూడండి. ఎత్తు 2.5 ఉన్నప్పుడు నాలుగు ముక్కలూ కలిపి 25 చ.సెం.మీ.; ఎత్తు 5 కాగానే 100. ఎత్తు రెండింతలయితే ముక్కలు నాలుగింతలు.

మరునాడే ఆ సంఘానికి పోయి మా వ్యాఖ్యను రద్దు చేస్తున్నట్లు నివేదికలో వ్రాసి సంతకం చేశాము. కార్యదర్శి ఏమీ అనలేదు. టీ మాత్రం తెప్పించాడు.

ఆ తరగతిలోనే ఇంకొన్ని ప్రశ్నలు వచ్చాయి. ఇంటరు చదివే ఒక కుర్రవాడు, తండ్రి బదులు వచ్చినవాడు, పుస్తకంలో చదివిన మాట చెప్పాడు: ఒకే పట్టు గల పెట్టెలలో అన్ని వైపులా సమానంగా ఉండే పెట్టెకే, అనగా సమఘనానికే, ఒంటి వైశాల్యం అతి తక్కువ, కనుక డబ్బాను 8 × 8 × 8 చేయవచ్చు గదా అని. మాట నిజమే. దాని పట్టు 512, వైశాల్యం 384. మనవాటి కంటె తక్కువే. కాని ఆ డబ్బాలో పేడాలు పెట్టి చూద్దాము. 8 సెం.మీ. వెడల్పులో 5 సెం.మీ. పేడా ఒకటే పడుతుంది, రెండోదానికి చోటు లేదు. ఎత్తులో మూడు. మొత్తం 3 పేడాలు, మిగిలినదంతా గాలి. బియ్యమైతే నిండుతుంది, పేడా నిండదు. పెద్ద అట్టపెట్టెలో సర్దినా అంతే. 30 × 20 × 20 పెట్టెలో మన పాత డబ్బాలు 24 పడతాయి, కొత్తవీ 24 పడతాయి. 8 సెం.మీ. సమఘనాలు 12 మాత్రమే. లారీ బాడుగ పెట్టెకు ఇస్తాము గాని అందులో పట్టిన పేడాకు ఇవ్వము గదా. తరగతి అంతా నవ్వింది, కుర్రవాడు కూడా నవ్వాడు. అయితే అతని సూత్రాన్ని తీసిపారేయరాదు. పాలు, నెయ్యి వంటివి ఏ మూలకైనా పారుతాయి గనుక వాటి దగ్గర అది బాగా పనిచేస్తుంది. 23 సెం.మీ. పొడవు, 23 వెడల్పు, 34 ఎత్తు గల రేకు డబ్బా తీసుకోండి. దాదాపు 18 లీటర్ల పట్టు. ఒంటి వైశాల్యం 4,186 చ.సెం.మీ. అదే పట్టుకు సమఘనమైనా 4,119 పడుతుంది. తేడా నూటికి రెండు కూడా లేదు. ఆ కాస్తకు ఆశపడి డబ్బాను పొట్టిగా చేస్తే చంకన పెట్టుకొని మోయడం కష్టం.

దర్జీ చెప్పిన మాటకు మేము ఒక దేశాంతరపు ఉదాహరణ చెప్పాము. స్వీడన్ దేశంలో లుండ్ అనే ఊళ్లో 1951లో టెట్రాపాక్ కంపెనీ మొదలయింది. వారి మొదటి పాల పొట్లం పెట్టె ఆకారం కాదు; నాలుగు ముక్కోణపు ముఖాలు గలది, మనవైపు సమోసాను తలపించేది. లీటరు పాలకు సమఘనమైతే ఒంటి వైశాల్యం 600 చ.సెం.మీ.; నాలుగు సమాన ముక్కోణాల పొట్లానికి 720. ఎక్కువ కాగితం పట్టే ఆకారాన్ని తెలిసి ఎందుకు ఎన్నుకున్నట్లు? కాగితాన్ని గొట్టంగా చుట్టి, పాలు పోస్తూ, ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా నొక్కి అతికిస్తే చాలు, పొట్లం తయారు. మూలల ముక్కలు లేవు, కత్తిరింపు వృథా దాదాపు లేదు. లాగు పెద్దదయినా గుడ్డ దండగ కాలేదు. కాని ఆ పొట్లాలు ఒకదాని పక్కన ఒకటి సర్దుకొని కూర్చోవు. వాటికోసం ఆరు పలకల తట్టలు వేరే చేయవలసి వచ్చింది. 1963లో అదే కంపెనీ ఇటుక ఆకారపు పెట్టెను తెచ్చింది. ఇప్పుడు అంగళ్లలో కనిపించేది ఆ రకమే. ఖాళీ పెట్టె దొరికితే చూడండి, మూలల్లో చెవుల వంటి మడతలు ఉంటాయి. మన పేడా తట్టలోని ముక్కలే అవి.

పాల పాకెట్ల సంగతి వేరుగా చెప్పాలి. "లీటరు పాకెట్టు ఒకటి కొంటే ఒక ధర, అదే లీటరును చిన్న పాకెట్లుగా కొంటే కొంచెం ఎక్కువ పడుతుంది, ఎందుకు?" అని తరగతిలో ఒక అక్క అడిగింది. పాకెట్టు తలగడ ఆకారం గనుక మన సూత్రాలు దానికి అచ్చంగా అమరవు. సమఘనాలతో పోలిక చెబుతాము, దిక్కు తెలుస్తుంది. లీటరు ఒకే సమఘనమైతే 600 చ.సెం.మీ. రెండు అరలీటర్లయితే కలిపి 756. అయిదు 200 మిల్లీలీటర్లయితే కలిపి 1,026. పాలు అవే, తొడుగు ఎక్కువ. దానిమీద ప్రతి పాకెట్టుకూ అతుకుల అంచులు వేరు. ఇంట్లో ఖాళీ కవర్లు కడిగి, అంచులు కత్తిరించి, పరిచి స్కేలుతో కొలవండి. మా మాట నమ్మనవసరం లేదు.

తొడుగు ఎక్కువైతే ఖర్చు ఒక్కటే కాదు, వేడి కూడా ఆ తొడుగు గుండానే లోపలికి వస్తుంది. చల్లబరచిన చిన్న పాకెట్టు ఎండలో పెద్ద పాకెట్టు కంటె ముందు వేడెక్కుతుంది. వైశాఖంలో వెడల్పాటి గిన్నెలో లీటరు పాలు పట్టుకొని కేంద్రానికి నడచి వచ్చే సభ్యులు ఇది గమనించగలరు. ఎండలోకి తెరచి ఉండే భాగం తక్కువగా ఉండి, మూత గల పొడుగు పాత్ర మేలు.

ఇదే సంగతి పాడి రైతుకు గడ్డివాములో మరింత బాగా తెలుస్తుంది. వాన తడిపేది వాము ఒంటిని, కడుపును కాదు. వామును పెట్టె ఆకారంగానే అనుకుందాము. పైనా, నాలుగు పక్కలా 25 సెం.మీ. మందం, సుమారు జానెడు, తడిసి పాడవుతుందనుకుందాము. 2 మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు గల వాములో 8 ఘనపు మీటర్ల గడ్డి. అందులో బాగున్నది 1.5 × 1.5 × 1.75, అంటే 4 ఘనపు మీటర్లకు కొంచెం తక్కువ. సగం పోయింది. 4 మీటర్ల కొలతల పెద్ద వాములో 64 ఘనపు మీటర్లు. బాగున్నది 3.5 × 3.5 × 3.75, సుమారు 46. పోయింది నూటికి 28. కొలతలు రెండింతలయితే ఒళ్లు నాలుగింతలు పెరుగుతుంది, కడుపు ఎనిమిదింతలు పెరుగుతుంది. అన్నదమ్ములు నలుగురు ఎనిమిది చిన్న వాములు వేసుకోవడం కంటె కలిసి ఒక పెద్ద వాము వేసుకుంటే గేదెలకు మిగిలేది ఎక్కువ. అన్నదమ్ములు కలవడం ఎలాగో మా శాఖ చెప్పలేదు.

మళ్లీ పేడా డబ్బాకు వద్దాము. పెద్దావిడ అడిగిన ప్రశ్న మిగిలే ఉంది గదా. అట్టలో పైసలు మిగిలే దారి ఉందా? ఉంది, దాన్ని కూడా చూపినది దర్జీయే. మూత తట్టను పూర్తిగా కప్పనవసరం లేదు, సగం దిగితే చాలు అన్నాడు. అప్పుడు మూత ఎత్తు 2.5; మూతకు అట్ట 15 × 15 = 225. తట్ట 400తో కలిపి 625. పాత 750 కంటె 125 తక్కువ, ఆరో వంతు ఆదా. పాత పలక డబ్బాకు కూడా సగం మూత పెట్టవచ్చు. అప్పుడు దానికి 656 పడుతుంది. కనుక ఇప్పుడు కొత్త డబ్బాయే గెలిచింది.

ఈ మాట సంఘానికి చెప్పినప్పుడు పాలకవర్గంలో ఒకరు గట్టితనం గురించి అనుమానపడ్డారు. సగం మూత వేస్తే పక్కగోడ కింది భాగంలో ఒకే పొర ఉంటుంది గదా అని. న్యాయమైన అనుమానం. పెద్ద పెట్టెలో డబ్బాలు నాలుగు అంతస్తులుగా కూర్చుంటాయి, అంటే అడుగు డబ్బా మీద మూడు డబ్బాల బరువు, ముప్పావుకిలో. నమూనా డబ్బా ఒకటి చేయించి దానిమీద కిలో రాయి పెట్టి రెండు రోజులు ఉంచారు. గోడ వంగలేదు. తరువాతి ఆర్డరుకు మూడు చోట్ల కొటేషన్లు పిలిచి, విప్పిన అట్ట కొలతలు కాగితం మీద వ్రాసి ఇచ్చారు. వచ్చిన తక్కువ ధరను మహాజనసభలో చదివినప్పుడు పెద్దావిడ, "అట్లనా, అయితే ఈ దీపావళికి కిలో డబ్బా కూడా పెట్టుండ్రి" అన్నది.

కిలో డబ్బాకు 32 పేడాలు. మూడు రకాలుగా సర్దవచ్చు: 20 × 10 × 10, లేదా 20 × 20 × 5, లేదా 40 × 20 × 2.5. మూడింటి పట్టూ 2,000 ఘనపు సెంటీమీటర్లే. ఒంటి వైశాల్యం లెక్కలో ఒకటి గెలుస్తుంది, విప్పిన తట్ట లెక్కలో మరొకటి గెలుస్తుంది. సభ్యులు తమ సంఘంలో కూర్చొని రెండు లెక్కలూ చేసి, ఏ డబ్బా ఎంచుకుంటారో, మూత ఎంత లోతు పెడతారో వ్రాసి, మేము ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు చూపగలరు. టేపు మేము తెస్తాము.